సోర్సుల స్టోర్ కంటైనర్‌కి షీల్డింగ్ తలుపు: సీసం బరువు చూస్తే భయమేస్తోంది

ఫ్యాబ్రికేటర్_9
మాది ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాప్. ట్యాంకులు, ప్రెజర్ వెసెల్స్ చేస్తాం. రేడియేషన్ పని ముట్టుకోవడం ఇదే మొదటిసారి. ఒక క్లయింట్ 20 అడుగుల షిప్పింగ్ కంటైనర్ ఇచ్చి, రేడియోధార్మిక సోర్సులు దాచే స్టోర్‌గా మార్చమన్నాడు. లోపల పెట్టేవి వాడకం అయిపోయిన లెవెల్ గేజ్‌ల (ట్యాంకులో సరుకు మట్టం కొలిచే పరికరాల) సోర్సులు, దాదాపు అన్నీ సీజియం-137. మొత్తం రేడియోధార్మికత 370 గిగాబెక్వెరెల్, అంటే 10 క్యూరీలు అంటున్నాడు.

రేడియేషన్‌ని ఆపే ఈ షీల్డింగ్ తలుపు గురించి డ్రాయింగ్‌లో ఒకే ఒక్క ముక్క ఉంది: "63 మి.మీ. సీసం". తలుపు దారి సుమారు 2.3 మీటర్ల వెడల్పు, 2.3 మీటర్ల ఎత్తు. లెక్క వేస్తే సీసం ఒక్కటే 3.8 టన్నులు తేలింది. రెండు రెక్కలు కాబట్టి చెరి 1.9 టన్నులు. ఖాళీ కంటైనర్ మొత్తం బరువే 2.3 టన్నులు దాటదు! దీన్ని హింజ్‌ల మీద వేలాడదీయాలా, స్లైడింగ్ చేయాలా? సీసం కరిగించి పోయాలా, షీట్లు బిగించాలా? రెక్కల మధ్య సందు సంగతేంటి? అడిగితే క్లయింట్ "తలుపులే కదా, మీకు తెలియనిదా" అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.

నిద్రలేని_నిఖిల్
1.9 టన్నుల రెక్క తెరవడానికి డ్యూటీలో ఎవరుంటారు, భీముడా?

గామా_బాబాయ్
ముందు ఆ 63 ఎక్కడి నుంచి ఊడిపడిందో చూద్దాం.

10 క్యూరీల సీజియం-137 అడ్డేమీ లేకుండా ఉంటే, 1 మీటరు దూరంలో గంటకి సుమారు 30 మిల్లీసీవర్ట్ డోసు (ఒంటికి తగిలే రేడియేషన్ లెక్క) వస్తుంది. దూరం రెట్టింపైతే డోసు నాలుగో వంతు అవుతుంది. అంటే 2 మీటర్ల దగ్గర 7.5 మిల్లీసీవర్ట్. తలుపు బయట గంటకి 10 మైక్రోసీవర్ట్ ఉంటే చాలనుకున్నారు. అది రేడియేషన్ కార్మికుల పరిమితి (సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్)ని 2000 పనిగంటలతో భాగిస్తే వచ్చే అంకె. 7.5 మిల్లీని 10 మైక్రోకి దించాలంటే 750 రెట్లు తగ్గాలి. సీజియం గామా కిరణాల్ని పదో వంతుకి దించడానికి సుమారు 22 మి.మీ. సీసం కావాలి. 750 రెట్లకి అలాంటి పొరలు దాదాపు 2.9 పడతాయి. 2.9 × 22 అంటే 63.

లెక్క తప్పు కాదు, కానీ లెక్క వెనకున్న ఊహలు నాకు నచ్చలేదు. తలుపు బయట నిలబడేది ఎవరు? రేడియేషన్ కార్మికులేనా, దారిన పోయే జనమా? జనానికి పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ మాత్రమే. అదే 2000 గంటలు పట్టుకుంటే గంటకి 0.5 మైక్రోసీవర్ట్, అప్పుడు మందం 92 మి.మీ. అవుతుంది. మరోవైపు, తలుపు ముందు ఎవరూ 2000 గంటలు కుర్చీ వేసుకుని కూర్చోరు. ఈ సంగతులు తేల్చకుండా మందం రాసేశారంటే, ఎవరో టేబుల్ చూసి నింపేశారనిపిస్తోంది.

తుప్పు_తాత
అందరూ తలుపే చూస్తున్నారు. గోడల సంగతి ఎవరూ అడగరేం? కంటైనర్ గోడ అంటే సుమారు 2 మి.మీ. ముడతల రేకు. సీజియానికి అది అడ్డే కాదు. గోడలు, కప్పు, తలుపులు అన్నీ కలిపి 53 చదరపు మీటర్ల పైమాటే. అంతటికీ 63 మి.మీ. సీసం వేస్తే దాదాపు 38 టన్నులు. ఇలాంటి కంటైనర్‌కి సరుకుతో కలిపి గరిష్ఠ బరువు 30,480 కిలోలు. నేల సంగతి ఇంకా లెక్కలోకే రాలేదు.

ఫ్యాబ్రికేటర్_9
@తుప్పు_తాత గోడలకి డ్రాయింగ్‌లో ఏమీ లేదు. "మూడు వైపులా కాంక్రీట్ బ్లాకులు మేం పేర్చుకుంటాం, తలుపు వైపు మాత్రం మీది" అన్నాడు.

తుప్పు_తాత
అయితే ఆ బ్లాకులు 46 సెం.మీ. మందం ఉండాలి. సీజియానికి కాంక్రీట్ పదో వంతు మందం 16 సెం.మీ. దగ్గర ఉంటుంది. బ్లాకుల మధ్య నిలువు అతుకులు ఒకే వరసలో రాకూడదు. ఇక కప్పు? పైకి పోయిన కిరణాలు గాలిలో చెదిరి కిందకి దిగుతాయి. గోడ చాటున నిలబడ్డవాడికి కూడా తగులుతాయి.

స్పానర్_సుబ్బు
ఆసుపత్రి ఎక్స్‌రే గదులకి సీసం తలుపులు రెడీమేడ్‌గా దొరుకుతాయి కదా. 2 మి.మీ. సీసంతో వస్తాయి, చేత్తో తోస్తే తెరుచుకుంటాయి. అది బిగించేస్తే పోదా?

గామా_బాబాయ్
@స్పానర్_సుబ్బు పోదు. ఎక్స్‌రే గదిలో కిరణాల శక్తి చాలా తక్కువ, 100 కిలోవోల్టుల యంత్రానికి 2 మి.మీ. సీసం గట్టి అడ్డే. సీజియం గామా శక్తి 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. దాన్ని సగానికి దించడానికే 6.5 మి.మీ. కావాలి. మీ 2 మి.మీ. తలుపు అందులో ఐదో వంతు కూడా ఆపదు. "సీసం తలుపు" అని బోర్డు ఉంటే అందరూ ధైర్యంగా దాని ముందే నిలబడతారు, అది ఇంకా ప్రమాదం.

ఆర్‌ఎస్‌ఓ_రమణి
వృత్తిరీత్యా రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌ని. ఫ్యాబ్రికేటర్ గారూ, తలుపు డిజైన్ మొదలుపెట్టేముందు క్లయింట్‌ని ఒక్క ప్రశ్న అడగండి: సోర్సులు వాటి హౌసింగ్‌లలోనే ఉన్నాయా, బయటికి తీశారా?

లెవెల్ గేజ్ సోర్సు మామూలుగా సీసం నింపిన హౌసింగ్‌లో, కిరణాల దారి మూసే షట్టర్‌తో వస్తుంది. షట్టర్ మూసి ఉంటే ఒక మీటరు దూరంలో డోసు చాలా తక్కువ. అప్పుడు మీ తలుపు పని షీల్డింగ్ కాదు, తాళం. 10 క్యూరీలూ బట్టలిప్పేసినట్టు గది మధ్యలో పెట్టి, గది చుట్టూ సీసం కట్టడం ఎక్కడా వినలేదు.

షీల్డింగ్ సోర్సుకి ఎంత దగ్గరగా ఉంటే అంత తక్కువ లోహం పడుతుంది. లోపల 10 సెం.మీ. వ్యాసం ఖాళీ ఉన్న గుండ్రటి పాత్ర తీసుకోండి. చుట్టూ అదే 63 మి.మీ. సీసం వేస్తే బరువు 65 కిలోల లోపే. తలుపు బయట మీకు వచ్చే ఫలితం అదే, పైగా గోడలకీ కప్పుకీ కూడా అదే పనిచేస్తుంది. మీరేమో ఒక్క తలుపుకే 3.8 టన్నులు మోస్తున్నారు.

నిద్రలేని_నిఖిల్
65 కిలోలు అంటే నా బరువు. 3.8 టన్నులకి బదులు నన్ను నిలబెడితే సరిపోయేదన్నమాట.

ఆర్‌ఎస్‌ఓ_రమణి
@నిద్రలేని_నిఖిల్ మీరు ఎక్కువగా నీళ్ళు. సీసం చేసే పని మీ వల్ల కాదు.

ఫ్యాబ్రికేటర్_9
@ఆర్‌ఎస్‌ఓ_రమణి అడిగాను మేడమ్. ఎక్కువ భాగం హౌసింగ్‌లలోనే ఉన్నాయి. కొన్నింటికి షట్టర్ తెరిచిన స్థితిలోనే తుప్పు పట్టి బిగుసుకుపోయిందట. ఇంకో మాట కూడా బయటపెట్టాడు: మట్టిలో తేమ కొలిచే గేజ్‌లు కూడా కొన్ని పెడతాడట, వాటిలో న్యూట్రాన్ సోర్సు ఉంటుందట. మొదట చెప్పలేదేమంటే "అవి చిన్నవే కదా" అన్నాడు.

న్యూట్రాన్_నాని
నా పేరు పిలిచినట్టు వినపడింది.

తేమ గేజ్‌లలో సాధారణంగా అమెరీషియం-బెరీలియం ఉంటుంది. న్యూట్రాన్లకి సీసం పెద్దగా అడ్డు కాదు, బరువైన కేంద్రకాన్ని కొట్టి దాదాపు అదే వేగంతో వెనక్కి వస్తాయి. వాటిని నెమ్మదింపజేయాలంటే హైడ్రోజన్ ఎక్కువున్న పదార్థం కావాలి: పాలిథిలిన్, నీళ్ళు, కాంక్రీట్. తలుపులో రెండూ వేయాల్సి వస్తే పాలిథిలిన్ లోపలి వైపు, సీసం బయటి వైపు. ఎందుకంటే నెమ్మదించిన న్యూట్రాన్‌ని హైడ్రోజన్ మింగినప్పుడు 2.2 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల గామా పుడుతుంది, దాన్ని బయటున్న సీసం ఆపాలి. బోరాన్ కలిపిన పాలిథిలిన్ అయితే ఎక్కువ న్యూట్రాన్లు బోరాన్‌కే దొరుకుతాయి. అప్పుడు పుట్టే గామా 0.48 మాత్రమే, ఆపడం తేలిక.

ఇంత చెప్పాక అసలు మాట: మీ తలుపుకి ఇదేమీ అక్కర్లేదు. ఆ గేజ్‌లలో అమెరీషియం మామూలుగా 1.48 గిగాబెక్వెరెల్, అంటే 40 మిల్లీక్యూరీలు. ఒక మీటరు దూరంలో న్యూట్రాన్ డోసు గంటకి 1 మైక్రోసీవర్ట్ ప్రాంతంలో ఉంటుంది. వాటిని కంటైనర్ చివరి మూలన పెడితే తలుపు దగ్గరికి వచ్చేసరికి లెక్కలోకి రాదు. 6 మీటర్ల పొడవు ఊరికే వచ్చింది, వాడుకోండి. పాలిథిలిన్ మండే వస్తువు కూడా, లేనిపోని తలనొప్పి.

స్పానర్_సుబ్బు
ఒక ఐడియా. స్టోర్ ఎప్పుడో గానీ తెరవరు కదా. మామూలు తలుపే ఉంచి, బయట మీటరు దూరంలో అడ్డంగా మందపాటి కాంక్రీట్ గోడ కట్టేస్తే? గోడ రెండు వైపులా తలుపు కంటే బాగా పొడవుండాలి. సీసం గొడవే లేదు.

గామా_బాబాయ్
ఈసారి సగం మార్కులు. బయట నడిచేవాళ్ళకి అది పనిచేస్తుంది. కానీ తాళం తీసేవాడు ఎక్కడ నిలబడతాడు? గోడకీ తలుపుకీ మధ్య, అడ్డు లేనివైపే. తాళం ఇరుక్కుంటే ఇంకాసేపు అక్కడే. పైగా గోడకి తగిలి వెనక్కి చెదిరేది కూడా వాడికే.

మెకానికల్_మూర్తి
లోపలే మలుపు పెట్టొచ్చు కదా. చివర సోర్సులు, మధ్యలో అడ్డుగోడ, పక్కనుంచి దారి. 662 శక్తితో బయల్దేరిన కిరణం గోడకి తగిలి 90 డిగ్రీలు తిరిగితే శక్తి 288కి పడిపోతుంది. ఆ శక్తి దగ్గర పదో వంతుకి 5 మి.మీ. సీసం చాలు. తీవ్రత కూడా బాగా తగ్గుతుంది. అప్పుడు తలుపు మనుషులు తెరవగలిగే తలుపు అవుతుంది. పెద్ద రేడియోథెరపీ గదుల్లో మలుపు దారి పెట్టేది ఇందుకే.

తుప్పు_తాత
@మెకానికల్_మూర్తి రేడియోథెరపీ గది వెడల్పు వేరు. కంటైనర్ లోపలి వెడల్పు 2.35 మీటర్లు. అందులో 46 సెం.మీ. గోడ పెట్టి, పక్కన మనిషి దారి వదిలి, డ్రమ్ము ట్రాలీ తిప్పండి చూద్దాం. కాగితం మీద బాగానే తిరుగుతుంది.

మెకానికల్_మూర్తి
ట్రాలీ తిరగదు, ఒప్పుకుంటా. పైన మోనోరైల్ వేయొచ్చు. కానీ రమణి గారి పాత్రల పద్ధతి ముందు ఇది దండగే.

గామా_బాబాయ్
నేను పూర్తిగా ఒప్పుకోను. పాత్రలు మంచివే. కానీ స్టోర్‌లోకి రేపు ఏం వస్తుందో ఎవరికి తెలుసు? ఇవాళ సీజియం, రేపు ఎవరో కోబాల్ట్-60 తెచ్చి దింపుతారు. దాని శక్తి 1.17, 1.33 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. పదో వంతుకి 40 మి.మీ. సీసం. సీజియం కోసం చేసిన 63 మి.మీ. తలుపు 750 రెట్లకి బదులు 40 రెట్లు కూడా ఆపదు. తలుపులో కొంత షీల్డింగ్ ఉంటే అది రెండో రక్షణ.

ఆర్‌ఎస్‌ఓ_రమణి
దానికి మందు తలుపు కాదు, రిజిస్టర్. ఏ ఐసోటోపు ఎంతవరకు అని తలుపు మీదే బోర్డు, లోపలికి వచ్చే ప్రతి వస్తువుకీ మీటర్ చెక్. రేపటి కోబాల్ట్ కోసం ఇవాళే తలుపు కడితే ఎల్లుండి దానికి అంతం ఉండదు. రెండో రక్షణగా ఒక పదో వంతు పొర, అంటే 22 మి.మీ. వేస్తే నాకు అభ్యంతరం లేదు.

ఫ్యాబ్రికేటర్_9
ఒక ఆలోచన. దారి 2.3 మీటర్లు ఎందుకు? ఒక మీటరు వెడల్పు, 2 మీటర్ల ఎత్తు సరిపోదా? మిగతాది ఫిక్స్‌డ్ ప్యానెల్ చేసేస్తా. 22 మి.మీ. సీసమైతే అలాంటి ఒక్క రెక్క 500 కిలోలు.

మెకానికల్_మూర్తి
ఇప్పుడు దారిలో పడ్డారు. ఇక మందం సంగతి వదిలి అంచుల దగ్గరికి రండి. షీల్డింగ్ తలుపులు ఓడిపోయేది మధ్యలో కాదు, చుట్టూ ఉన్న సందులో.

తలుపు ఎంత మందంగా చేసినా, సందులోంచి సోర్సు నేరుగా కనిపిస్తే ఆ గీత మేర షీల్డింగ్ సున్నా. కాబట్టి అంచుకి మెట్టు కావాలి, ఫ్రేమ్‌కి దానికి తగ్గ ఎదురు మెట్టు. తలుపు ఫ్రేమ్ మీదకి ఎంత ఎక్కాలి అంటే, వాడుకలో ఉన్న లెక్క సందుకి కనీసం పది రెట్లు. 5 మి.మీ. సందు వదిలితే 50 మి.మీ. ఎక్కాలి.

అందరూ జారిపడే చోటు ఇది: మెట్టు ఉక్కులో ఉంటే చాలదు, సీసంలో ఉండాలి. తలుపు పెట్టె అంచు 10 మి.మీ. ఉక్కు, ఫ్రేమ్ అంచు 10 మి.మీ. ఉక్కు, మధ్యలో 5 మి.మీ. గాలి అనుకోండి. సీసానికీ సీసానికీ మధ్య 25 మి.మీ. ఖాళీ ఉన్నట్టే. డ్రాయింగ్‌లో బయటి గీతలు చూస్తే మెట్టు అందంగా ఉంటుంది, లోపల సీసం దాకా గీసి చూస్తే కిరణానికి రాజమార్గం. అందుకే సందుకి పది రెట్లు అన్నప్పుడు సందంటే 5 కాదు, ఆ 25.

స్పానర్_సుబ్బు
అంటే 250 మి.మీ. ఎక్కాలా?? తలుపు మళ్ళీ పెద్దదైపోతుంది.

మెకానికల్_మూర్తి
లేదా ఆ 25ని తగ్గించండి. అంచు ఉక్కుని 4 మి.మీ.కి దించండి, లేదా సందు వెనక ఫ్రేమ్ మీద విడిగా సీసం పట్టీ దాపుడుగా వేయండి. పట్టీ బరువు ఫిక్స్‌డ్ ఫ్రేమ్ మోస్తుంది, తలుపు కాదు. నేనైతే రెండోదే చేస్తా.

ఆర్‌ఎస్‌ఓ_రమణి
మూర్తి గారి మాటకి నా అనుభవం. ఒక స్టోర్ తనిఖీకి వెళ్ళాను. తలుపు అంచున చేతి మీటర్ పెడితే అంకె కొంచెం ఎక్కువ, భయపడేంత కాదు. వాళ్ళు "చూశారా, బాగానే ఉంది" అన్నారు. కానీ మీటర్ డిటెక్టర్ వెడల్పు 10 సెం.మీ. ఉండి, సందులోంచి వచ్చే కిరణం 3 మి.మీ. వెడల్పే అయితే, డిటెక్టర్‌లో తడిసేది నూటికి మూడు పాళ్ళే. అసలు గీతలో గంటకి 7.5 మిల్లీసీవర్ట్ ఉంటే మీటర్ 225 మైక్రో చూపిస్తుంది. సన్నటి డిటెక్టర్ తెప్పించి అంచు వెంబడి నెమ్మదిగా నడిపిస్తే ఒక చోట సూది ఎగిరిపడింది. తాళం చెవి పట్టుకునే ఎత్తులోనే.

తాళం రంధ్రం, హింజ్ పిన్ను, బోల్టులు, కేబుల్ దారి కూడా ఇదే కుటుంబం. ఏదీ అవతలి వైపుకి నేరుగా కనపడకూడదు. కంటైనర్‌కి ముందే ఉండే గాలి రంధ్రాల్ని మర్చిపోకండి.

వెల్డర్_వాసు
గాలి రంధ్రాలు మూసేయమంటారా?

ఆర్‌ఎస్‌ఓ_రమణి
మూయకండి, వంపు తిప్పిన డక్ట్‌లోంచి పంపండి. పాత రేడియం సోర్సులు ఎప్పుడైనా వస్తే రేడాన్ వాయువు పేరుకుంటుంది, గాలి ఆడాలి.

ఫ్యాబ్రికేటర్_9
కింద అంచు సంగతి? గడప పెడితే ట్రాలీ ఎక్కదు. పెట్టకపోతే సందు.

మెకానికల్_మూర్తి
నేలని మెట్టు చేయండి. లోపలి నేల బయటి నేల కంటే కాస్త ఎత్తు, తలుపు కింది అంచు ఆ ఎత్తు ముందుకి దిగాలి. ట్రాలీకి ఎత్తి తీసేసే ర్యాంప్ ప్లేటు. నేలలో గాడి తవ్వి తలుపుని దించే పద్ధతి కూడా ఉంది, కానీ గాడిలో నీళ్ళు, చెత్త చేరి చివరికి తలుపు పూర్తిగా మూసుకోదు.

తుప్పు_తాత
ఇక వేలాడదీయడం. 500 కిలోలైనా కంటైనర్ మూల స్తంభానికి పాత హింజ్‌లతో తగిలించకండి. పాత లెక్కతో చూడండి: 1900 కిలోల రెక్క, వెడల్పు 1.15 మీటర్లు, హింజ్‌ల మధ్య ఎత్తు 1.8 మీటర్లు. పై హింజ్‌ని పక్కకి లాగే బలం 600 కిలోలు. రెక్క ఊగినప్పుడు ఇంకా ఎక్కువ. ఇప్పటి 500 కిలోల రెక్కకి అది 140 దగ్గర. తట్టుకోవచ్చు, కానీ కంటైనర్ చట్రం వంకర తిరుగుతుంది. నాలుగు మూలలు సమంగా లేకపోతే మామూలు తలుపులే బిగుసుకుపోతాయి, లారీ డ్రైవర్‌ని అడగండి. మీదేమో 5 మి.మీ. సందున్న మెట్టు తలుపు. కాబట్టి తలుపుకి విడిగా పోర్టల్ ఫ్రేమ్ (రెండు స్తంభాలు, పైన దూలం), దానికి విడిగా పునాది. కంటైనర్ వచ్చి దానికి ఆనాలి, మోయకూడదు. బరువు మొత్తం కింది హింజ్‌లో థ్రస్ట్ బేరింగ్ మీద పడాలి. పై హింజ్ పట్టుకోవడానికే.

స్పానర్_సుబ్బు
స్లైడింగ్ అయితే ఈ లాగుడు ఉండదుగా. బరువంతా కింద పట్టా మీదే.

తుప్పు_తాత
ఉండదు. బదులుగా కదలడానికి నాలుగు వైపులా ఖాళీ కావాలి, ఆ ఖాళీకి తగ్గట్టు తలుపు అన్ని వైపులా పెరగాలి. తెరిచినప్పుడు పక్కన జాగా కావాలి, అక్కడ మీ క్లయింట్ బ్లాకులు పేరుస్తానన్నాడు. ఐదారు టన్నుల తలుపుకి స్లైడింగే నయం. 500 కిలోలకి హింజే.

నిద్రలేని_నిఖిల్
మోటార్ పెట్టేయండి, రిమోట్‌తో తెరుచుకోవాలి. సినిమాలో లాగా పొగ కూడా.

ఆర్‌ఎస్‌ఓ_రమణి
పొగ వచ్చిన రోజున నాకు ఫోన్ చేయకండి. మోటార్ పెట్టినా పెట్టకపోయినా, కరెంటు లేనప్పుడు లోపలున్న మనిషి చేత్తో తెరుచుకుని బయటపడగలగాలి. బయట తాళం, లోపల పానిక్ హ్యాండిల్. అలాగే 500 కిలోలు ఒకసారి కదిలితే ఆగదు, వేళ్ళు నలుగుతాయి. డ్యాంపర్, తెరిచి ఉంచే కొక్కెం తప్పనిసరి.

వెల్డర్_వాసు
సీసం పోత గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను. ఉక్కు పెట్టెలో సీసం పోయడం చూడటానికి తేలిక. గడ్డకట్టేటప్పుడు సీసం నూటికి మూడున్నర పాళ్ళు కుంచించుకుపోతుంది, కాబట్టి పైనుంచి అదనంగా పోస్తూ ఉండకపోతే లోపల గుల్ల మిగులుతుంది. పెట్టె చల్లగా ఉంటే గోడ దగ్గరే గడ్డకట్టి వదిలేస్తుంది, ముందే వేడి చేయాలి. వేడి చేస్తే పెట్టె వంకర పోతుంది, అప్పుడు మూర్తి గారి 5 మి.మీ. సందు ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. సీసం వ్యాకోచం ఉక్కు కంటే రెట్టింపు పైనే.

22 మి.మీ.కి పోత అక్కర్లేదు. 11 మి.మీ. షీట్లు రెండు పొరలు, ఒక పొర అతుకు మీద రెండో పొర అతుకు రాకుండా. మెత్తటి సీసం నిలువుగా నిలబెడితే ఏళ్ళ తరబడి సొంత బరువుకే కిందకి జారుతుంది, పైన ఖాళీ వస్తుంది. ఆంటిమొనీ నూటికి నాలుగైదు పాళ్ళు కలిపిన గట్టి సీసం తీసుకోండి, మధ్యమధ్యలో ఉక్కు ఆధారం పట్టీలు వేయండి. పట్టీలు రెండు పొరల్లో ఒకే ఎత్తులో పెట్టొద్దు. బోల్టు గుచ్చిన చోట సీసం టోపీ. చేతులకి గ్లోవ్స్, తినేముందు కడుక్కోవడం మీకు చెప్పక్కర్లేదు, మీ కుర్రాళ్ళకి చెప్పాలి. సీసం దుమ్ము ఒంట్లోకి పోతే ఏళ్ళు పడుతుంది బయటికి రావడానికి.

తుప్పు_తాత
సీసం ఎందుకు, ఉక్కు ప్లేటే వేయొచ్చుగా? సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. కంటైనర్‌కి మంట అంటుకుంటే తలుపులో సీసం కింద చేరి పైన బోలుగా మిగులుతుంది. ఉక్కు నిలబడుతుంది. పదో వంతుకి సీజియానికి ఉక్కు 53 మి.మీ.

గామా_బాబాయ్
చదరపు మీటరుకి 53 మి.మీ. ఉక్కు 416 కిలోలు, 22 మి.మీ. సీసం 249. సీజియం దగ్గర ఈ తేడా పెద్దది. కోబాల్ట్ అయితే ఉక్కు 557, సీసం 454, అంత తేడా లేదు, అక్కడ నేనూ ఉక్కుకే ఓటేస్తా. కిరణం శక్తి పెరిగేకొద్దీ సీసం గొప్పతనం తగ్గుతుంది, బరువే పనిచేస్తుంది. ఇక్కడ మాత్రం సీసమే, కానీ కరిగినా బయటికి కారకుండా పెట్టె చుట్టూ పూర్తి వెల్డ్ ఉండాలి.

ఆర్‌ఎస్‌ఓ_రమణి
పూర్తిగా మూసిన పెట్టెకి ఇంకో కారణం దొంగలు. సీసం పాత సామాను దుకాణంలో అమ్ముడుపోతుంది. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో వదిలేసిన రేడియోథెరపీ యంత్రాన్ని తుక్కు కోసం విప్పితే అందులోని సీజియం-137 వల్ల నలుగురు చనిపోయారు. తలుపు మీద సీసం బయటికి కనిపిస్తే, దాన్ని ఒలుచుకుపోవడానికి వచ్చినవాడు లోపల ఇంకేముందో కూడా చూస్తాడు.

ఫ్యాబ్రికేటర్_9
క్లయింట్‌తో మాట్లాడాను. షట్టర్ బిగుసుకున్నవాటిని రెగ్యులేటర్ అనుమతి ఉన్నవాళ్ళతో విడి సీసం పాత్రల్లో పెట్టిస్తాడు. మిగతావి హౌసింగ్‌లలోనే, షట్టర్‌కి తాళం వేసి. తలుపు మీటరు వెడల్పు ఒకే రెక్క, రెండు పొరల షీట్, విడి పోర్టల్ ఫ్రేమ్. ముందు "సీసం తగ్గించి పని తగ్గించుకుంటున్నావా" అన్నాడు, పాత్ర బరువు లెక్క చూపించాక మెత్తబడ్డాడు. ఇంకా రెండు సందేహాలు. అంచు చుట్టూ వాన రాకుండా గాస్కెట్ ఏది వేయాలి? పని అయ్యాక బాగుందని ఎలా రుజువు చేయాలి?

న్యూట్రాన్_నాని
గాస్కెట్‌కి టెఫ్లాన్ వద్దు, రేడియేషన్‌కి అది తొందరగా పెళుసెక్కుతుంది. ఈపీడీఎం రబ్బరు వేయండి. పాత్రల్లో పెట్టాక తలుపు దగ్గర డోసు ఎలాగూ తక్కువే, దేనికైనా ఎండ, వాన దెబ్బే ముందు తగులుతుంది.

ఆర్‌ఎస్‌ఓ_రమణి
రుజువుకి గామా స్కాన్. ఒకవైపు చిన్న సోర్సు, రెండో వైపు సన్నటి డిటెక్టర్, తలుపు మీద గడులు గీసి ఒక్కో గడీ కొలవాలి. పక్కన తెలిసిన మందం సీసం ముక్కలు పెట్టి వాటితో పోల్చాలి. అంచులు, బోల్టు చోట్లు విడిగా. ఇది మీ వర్క్‌షాప్‌లో మీరు చేసేది కాదు, లైసెన్స్ ఉన్నవాళ్ళని పిలవండి. తలుపు బిగించాక, సోర్సులు లోపలికి చేరాక చుట్టూ ఇంకో సర్వే.

ఫ్యాబ్రికేటర్_9
అర్థమైంది. షీట్లు పెట్టాక మూత ప్లేటు చుట్టూ వెల్డ్ చేయాలి కదా, వెనక సీసం ఉండగా వెల్డ్ కొడితే కరగదా?

వెల్డర్_వాసు
కరుగుతుంది, వెల్డ్‌లోకి సీసం చేరితే అతుకే పగులుతుంది. అంచు లోపల చుట్టూతా ఉక్కు పట్టీ పెట్టి, సీసం దానికి కొంచెం ఇవతలే ఆపండి. ఆ పట్టీ మేర సీసం తగ్గినట్టే, కాబట్టి అది ఫ్రేమ్ మీద వేసే దాపుడు పట్టీ వెనకే రావాలి, మూర్తి గారికి డ్రాయింగ్ పంపి చూపించండి. వెల్డ్ ఒకేసారి తిప్పకుండా ముక్కలు ముక్కలుగా, ఎదురెదురు వైపులు మార్చుకుంటూ కొట్టండి. ప్లేటు చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే తర్వాతి ముక్క. పొగ పీల్చే ఫ్యాన్ లేకుండా మాత్రం మొదలుపెట్టకండి.

మెకానికల్_మూర్తి
డ్రాయింగ్ పంపండి. బయటి గీతలు కాదు, కోత బొమ్మ కావాలి, సీసం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కనపడాలి.